ఏడో డబ్బా

పోయిన వారం మిమ్మల్ని ఎంక్వయిరీ గది తలుపు బయట నిలబెట్టి పోయాను. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పి, లోపలికి తీసుకుపోతాను.

నా పేరు ప్రమీల. ధర్మవరం మాది. పెనుకొండ దగ్గర హైవే పక్కన ట్రాక్టర్లకు ఇనుప భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది నర్సును. మూడు వారాల కిందట సరుకు ఎత్తే మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ మధు బండితో ర్యాకును గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, సామాను మాత్రం నేలపాలైంది. అప్పటికి మధు పదహారు గంటలుగా ఆ బండి మీదే ఉన్నాడు. రెండో షిఫ్టు డ్రైవరు రాలేదు, నువ్వే లాగెయ్యప్పా అన్నారు, లాగాడు. ఆ పదహారు గంటల సంగతి ఆఫీసులో ఎవరికీ పట్టలేదు. మా హెచ్చార్ మేనేజర్ కార్తీక్‌కు మాత్రం వెంటనే "మత్తు" అనే మాట తట్టింది.

తట్టదా మరి! ముందు నెలలోనే బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో సెమినారుకు పోయి వచ్చాడు. "ఉద్యోగ స్థలాల్లో మత్తు పరీక్షలు: కొత్త పోకడలు, యజమానులు నేర్చుకోవలసిన పాఠాలు" అని దాని పేరు. రెండు రోజులు బఫే తిని, మెడలో ట్యాగు వేసుకుని ఫోటో దిగి, నలభై స్లైడ్లు పెన్‌డ్రైవులో వేసుకొచ్చాడు. అన్ని స్లైడ్లలోంచి ఆయన నేర్చుకున్న పాఠం ఒక్కటే, జనం చేత డబ్బాల్లో ఉచ్చ పోయించడం.

ఒక సోమవారం పొద్దున మేనేజర్లతో సహా అందరి చేతా పోయించారు. మూడో లైనులో మధుతో కలిపి ఏడుగురు మనుషులు. నాలుగో రోజు బెంగళూరు ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. ఆరుగురి శాంపిళ్లలో నల్లమందు జాతి మందు ఉందని తేలింది. ఏమీ లేదని తేలిన ఒకే ఒక్కడు మధు. ఇక్కడ మామూలు బుద్ధి ఉన్నవాడు ఎవడైనా, బండి గుద్దినవాడు శుభ్రంగా ఉన్నాడు కదా, మరి ఎందుకు గుద్దాడు అని అడుగుతాడు. కార్తీక్ బుద్ధి మామూలుది కాదు. ఆరుగురు వాడుతుంటే ఏడోవాడు వాడటం లేదంటే, అమ్మేవాడు వాడే అన్నాడు. అమ్మేవాడు తన సరుకు తాను ముట్టడట. ఇది కూడా ఏదో స్లైడులో ఉందట.

ఆ తర్వాత బేరం పెట్టాడు. మధు మాకు మందు అమ్మాడు అని సంతకం చేస్తే ఆరుగురికీ కౌన్సెలింగ్ ఇచ్చి ఉద్యోగంలో ఉంచుతారు. చేయకపోతే ఆరుగురూ ఇంటికి. ఐదుగురు చేసేశారు. మధును డిస్మిస్ చేస్తే పోయేది ఈ ఒక్క ఉద్యోగమే కాదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఉన్న ఫ్యాక్టరీల హెచ్చార్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒక పేరు పడిందంటే ఆ మనిషికి ఈ చుట్టుపక్కల ఏ గేటూ తెరుచుకోదు. మధుకు సొంత ఊరు కనగానపల్లిలో సెంటు భూమి లేదు. నడిపే బండి తప్ప వేరే విద్య రాదు.

ఆరో సంతకం చిన్నస్వామిది. అది తీసుకోవడానికే ఆ రోజు ఎంక్వయిరీ. నన్ను సాక్షిగా కూర్చోమన్నారు.

గదిలో ఏసీ వేసి, ప్లేటులో జీడిపప్పు బిస్కట్లు పెట్టారు. ఒక మనిషి బతుకును తీసేసే పనికి కూడా మా ఆఫీసులో బిస్కట్లు పెడతారు. ఎంక్వయిరీ ఆఫీసరుగా వచ్చిన రంజిత గారు ధర్మవరంలో లాయరు. ఇట్లాంటి విచారణలు నాలుగైదు ఫ్యాక్టరీలకు చేస్తారు. కంపెనీ పిలిచి ఫీజిచ్చే మనిషి గనక ఆమె మీద నాకు ఆశేమీ లేదు. మధును బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

చిన్నస్వామి లోపలికి వచ్చి నిలబడ్డాడు. గోరంట్ల మనిషి, యాభై ఐదేళ్లుంటాయి, ప్రెస్సు మిషను మీద పద్దెనిమిదేళ్లుగా ఉన్నాడు. ఆదివారం చర్చి మానడు, బీడీ ముట్టడు, సారా వాసన పడదు. లైనులో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా, బ్యాంకు కాగితం రాయాలన్నా ఆయన దగ్గరికే పోతారు. అట్లాంటి మనిషి నల్లమందు తింటాడని ఒక కాగితం చెబితే, ఆ కాగితాన్ని కాకుండా మనిషిని అనుమానించేవాళ్లే మా ఆఫీసు నిండా ఉన్నారు.

"కూర్చో చిన్నస్వామీ, భయపడొద్దు" అన్నాడు కార్తీక్. ఆయన వయసు ముప్పై రెండు. హిందూపురంలో వాళ్ల నాయన పాండురంగయ్యకు బట్టల అంగడి ఉంది. ఆ పెద్దమనిషి కూలికి పోయే ఆడమనిషిని కూడా "రామ్మా, కూర్చోమ్మా" అని పిలుస్తాడు. కొడుక్కి ఆ మర్యాద అంటలేదు.

"నిలబడే ఉంటా సార్."

"సరే. ఇది నీ స్టేట్‌మెంట్. చదువుతాను విను. 'నా సహోద్యోగి మధు గత నాలుగు నెలలుగా నాకు మత్తు పదార్థం సరఫరా చేస్తున్నాడు...'"

"సార్, అది నేను సెప్పలేదు."

"చెప్పక్కర్లేదు. సంతకం చేస్తే చాలు."

ఈ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అప్పటికి అరగంటగా నా చేతిలో ల్యాబు కాగితాల జిరాక్సులు ఉన్నాయి. సాక్షిని గనక ఒక సెట్టు నాకూ ఇచ్చారు, చదువుతానని మాత్రం అనుకోలేదు.

"మేడమ్, ఒక మాట" అన్నాను రంజిత గారితో.

"సిస్టర్, మీరు సాక్షి మాత్రమే" అన్నాడు కార్తీక్.

"చెప్పనివ్వండి" అన్నారామె తలెత్తకుండానే.

"మేడమ్, ప్రతి కాగితం మీదా మందు పేరుకు పైన ఇంకో రెండు అంకెలు ఉన్నాయి చూడండి. ఉచ్చ ఎంత చిక్కగా ఉంది, ఎంత పులుపుగా ఉంది అని. నీళ్లు ఎక్కువ తాగినోళ్లకు ఒక రకంగా, తాగనోళ్లకు ఒక రకంగా వస్తుంది. ఆరు కాగితాల్లోనూ ఆ రెండు అంకెలూ చుక్క తేడా లేకుండా ఒకటే. మందు ఎంత ఉందో చెప్పే అంకె కూడా ఒకటే. ఒక తల్లి కడుపున పుట్టిన ఆరుగురిని తెచ్చినా ఇట్లా రాదు."

"అది ల్యాబు క్వాలిటీ సిస్టర్. మెషీన్లు అంత కన్సిస్టెంటుగా ఉంటాయి" అన్నాడు కార్తీక్.

ఆ జవాబు విని నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకూ లేదు. ఆ డబ్బాలకు సీలు వేసింది నేనే. ఆ సోమవారం మగవాళ్ల టాయిలెట్ బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. లోపల ఒక సూపర్‌వైజర్ నిలబడి చూడాలని రూలు. ఆయన సిగ్గుపడి క్యాంటీనుకు పోయాడు. మగవాళ్లంతా నన్ను అక్కా అని పిలిచేవాళ్లే. అక్క చేతికి ఉచ్చ డబ్బా ఇవ్వడానికి చచ్చేంత సిగ్గుపడి, చేతిరుమాళ్లు కప్పి, ముఖాలు పక్కకు తిప్పుకుని బల్ల మీద పెట్టి పరుగెత్తారు. నాకూ సిగ్గేసింది. గబగబా సీలు వేసి పెట్టెలో పెట్టాను. మూడో లైను డబ్బాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఒకే రంగులో ఉన్నాయని చూసి కూడా పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే, ఇందులో కార్తీక్‌కు వాటా లేదు.

చిన్నస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఆరూ నావే సార్."

"నావే అంటే?"

"నా ఉచ్చే సార్ అది. అందరిదీ నేనే పోసిస్తి."

రంజిత గారు మొదటిసారి తలెత్తి ఆయన వైపు చూశారు. "వివరంగా చెప్పండి. ఎందుకు పోశారు?"

"మేడమ్, ఆదివారం మా లైను పిల్లోళ్లు యాడికో దావత్‌కు పోయి కొంచెం తాగినారంట. సోమారం పరీక్ష అంటే బయపడినారు. ఇద్దరికేమో బయటేదో చప్పుడైతే ఉచ్చ రాదు, ఆడ ప్రమీలమ్మ కూచోనుండాది. అన్నా, నువ్వు బీడీ గూడా తాగవు, నీదైతే మంచిగుంటాది, మాకూ ఇంత పోసియ్యి అనిరి. నేను దినామూ వాళ్లకు ఫారాలు నింపిస్తాండా కదా. ఇదీ అట్లాంటిదే అనుకున్యా మేడమ్. హాజరు మాదిరి ఏదో కంపెనీ లెక్కకు పెట్టుకుంటారేమో అనుకున్యా. మధు ఒక్కడే నాది నేనే పోసుకుంటానన్నా అనె."

"బయటపడింది కదా, మరి నీ శాంపిల్లో డ్రగ్ ఎలా వచ్చింది?" కార్తీక్ ముందుకు వంగాడు. దొంగ దొరికాడన్నంత సంబరంగా ఉన్నాడు.

"అదే నాకూ తెల్దు సార్. దేవుని ముందర సెప్తాండా, నేనేమీ తినలేదు."

"అన్నా, ఆదివారం ఏం తిన్నావు?" అని అడిగాను.

"ఆదివారమా? మా పెద్దపాప కూతురికి పేరు పెట్టినాము కదా తల్లీ. మా ముత్యాలమ్మ గసగసాల పాయసం సేసింది. బాగా గట్టిగా నూరి సేస్తాది. మూడు లోటాలు తాగినా. మిగిలింటే సోమారం పొద్దున ఇంకో లోటా తాగి డ్యూటీకి వచ్చినా."

కార్తీక్ పెద్దగా నవ్వాడు. "పాయసం వల్ల డ్రగ్ వచ్చిందంట మేడమ్!"

"వస్తుంది" అన్నాను. "నల్లమందు తీసేదీ గసగసాలు వచ్చేదీ ఒకే మొక్క నుంచి. గింజతో మత్తు రాదు, ఉచ్చలో మాత్రం ఆ జాడ ఒకటి రెండు రోజులు కనిపిస్తుంది. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఈ ల్యాబు కాగితం అడుగునే ఒక గమనిక ఉంటుంది. ఇది మొదటి పరీక్ష మాత్రమే, రెండో పరీక్ష చేయకుండా ఎవరి మీదా చర్య తీసుకోవద్దు, మనిషి ఏం తిన్నాడో ఏ మందులు వాడుతున్నాడో అడగండి అని. నేను ఇంతకు ముందు ఆస్పత్రిలో పని చేసినప్పుడు ఇదే ల్యాబు కాగితాలు వందల్లో చూశాను. ఈ జిరాక్సుల్లో మాత్రం అడుగున నాలుగు వేళ్ల మేర తెల్లగా ఉంది. దాని మీద ఏదో కాగితం కప్పి జిరాక్సు తీసినట్టున్నారు."

రంజిత గారు ఒక కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. కప్పిన కాగితం అంచు సన్నటి గీతలా పడి ఉంది. ఆ సంగతీ రాసుకున్నారు.

నలభై స్లైడ్లలో ఈ గమనిక గురించి ఒక్కటైనా ఉండే ఉంటుంది. అప్పుడు మనవాడు బఫే దగ్గర ఉండుంటాడు. రెండో పరీక్షకు తలకు ఇంత అని ఇంకో బిల్లు వస్తుంది, నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. ఆలోపు పదహారు గంటల డ్యూటీ సంగతి ఎవరైనా అడిగినా అడుగుతారు. దానికంటే మధు మెడకు చుట్టడం సులభం.

కార్తీక్ ఇక నవ్వలేదు. పాలసీ పుస్తకం తెరిచాడు.

"ఓకే. అయితే ఇది ఇంకా పెద్ద నేరం. శాంపిల్ టాంపరింగ్, అంటే శాంపిల్ మార్చెయ్యడం. పేజీ పద్నాలుగు. డ్రగ్ వాడితే కౌన్సెలింగ్ అయినా ఉంది, టాంపరింగ్ చేస్తే అదే రోజు డిస్మిస్. చిన్నస్వామీ, నువ్వు ఇప్పుడు చెప్పింది రికార్డులోకి పోతే నీతో పాటు ఆ ఐదుగురూ రోడ్డు మీదే. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఆలోచించుకో. సంతకం చేస్తే ఒక్కడు పోతాడు. చేయకపోతే ఆరుగురు పోతారు."

చూశారా, ఎంత శుభ్రంగా లెక్క చెప్పాడో! ఆయన దృష్టిలో ఇదంతా ఒకటి పెద్దదా, ఆరు పెద్దదా అనే సంగతి.

 చిన్నస్వామి మాట తొట్రుపడలేదు.

"తీసేస్తే తీసేయండి సార్. తప్పు సేసినాము. ఆ మధు మీద అబద్దం రాసేది నా శాత కాదు. నేను రేపు ఆదివారం ఏ మొగం పెట్టుకోని మోకాళ్లూనేది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

రంజిత గారు కలం ఆపకుండానే అడిగారు. "రికార్డు కోసం అడుగుతున్నాను. మీరు మొత్తం ఎన్ని డబ్బాలు నింపారు?"

"ఆరు" అన్నాడు కార్తీక్.

"మిమ్మల్ని అడగలేదు."

"ఏడు మేడమ్" అన్నాడు చిన్నస్వామి.

"ఆరు పాజిటివ్‌లే కదా. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

"గుర్తుండాది మేడమ్. నాదొకటి, మా లైనోళ్లవి ఐదు. ఇంకొకటి సారు డ్రైవరు యెంకటస్వామి తీసుకపాయె. సారుకు మీటింగుండాది, టైము లేదంట, మంచిదొకటి పోసియ్యన్నా అనె. పోసిస్తి." తర్వాత ఆయన కార్తీక్ వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు. "మీకు అందలేదా సార్?"

నేను ఫైలు తిప్పాను. ఆఖరి పేజీలో మేనేజర్ల ఫలితాలు ఉన్నాయి. అది ల్యాబు కాగితం కాదు, మా ఆఫీసులో టైపు చేసిన పట్టిక. పై నుంచి మూడో వరసలో కార్తీక్ పేరు, ఎదురుగా నెగటివ్ అని ఉంది.

"మేడమ్, చిన్నస్వామన్న ఉచ్చ అయితే ఇది నెగటివ్ రాదు" అన్నాను. "ఏడోదీ పాజిటివే వచ్చి ఉండాలి. ల్యాబు నుంచి అసలు కాగితం తెప్పించండి."

లైనంతటిలోకీ నియమంగా బతికే మనిషిని వెతికి, ఆయన ఉచ్చ అడిగి తెప్పించుకున్నాడు ఈ పెద్దమనిషి. తన డబ్బా తాను ఎందుకు నింపలేదో ఆయన శనివారాల బెంగళూరు ప్రయాణాలకే తెలియాలి. దాంట్లోనూ నల్లమందు వచ్చేసరికి తనకైతే అది తప్పుడు ఫలితం అని వెంటనే అర్థమైంది. తన కాగితం మాయం చేశాడు. మిగతా ఆరుగురికీ అదే ఫలితం నిజమని ఉరి వేయబోయాడు. ఇంతకంటే నీచం నేను చూడలేదు.

"ఇదంతా కట్టుకథ. ఎంక్వయిరీ వాయిదా వేస్తున్నాను" అన్నాడు కార్తీక్ లేచి.

"వాయిదా వేయాల్సింది నేను. కూర్చోండి" అన్నారు రంజిత గారు.

అప్పుడే తలుపు తోసుకుని మధు వచ్చాడు. చేతిలో ఫోను ఉంది. నా వైపే చూశాడు.

"ప్రమీలక్కా, స్వప్నను గేటు కాడే ఆపేసినారంట."

స్వప్న అతని భార్య. హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పని చేస్తుంది.

"ఎవురు ఆపినారు?" అన్నాను. " ఎందుకు?"

"మీ ఆయన మత్తుమందు అమ్ముతాడంట కదా, నీకు ఈడ పని లేదు పో అన్న్యారంట. అందరి ముందరా సంచి సోదా సేసినారంటక్కా. ఏడుస్తాండాది. ఇంగా ఎంక్వయిరీనే కాలేదు కదా, వాళ్లకెట్ల తెలిసె?"

రంజిత గారు తన సంచిలోంచి ఫోను తీసి, తెరిచి, బల్ల మీద కార్తీక్ వైపు తిప్పి పెట్టారు.

"ఆ గ్రూపులో నేనూ ఉన్నాను కార్తీక్ గారూ. పొద్దున తొమ్మిదికి మధు ఫోటో, ఊరి పేరు, భార్య పేరు పెట్టారు. నేను విచారణ మొదలుపెట్టింది పదకొండుకు. ఇప్పుడు చెప్పండి, ఏడో డబ్బా సంగతి అదే గ్రూపులో మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

కార్తీక్ కూర్చున్నాడు. బిస్కట్ల ప్లేటు పక్కకు జరిపాడు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో అంత మర్యాద ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలియదు.

"మేడమ్, అందరం మనవాళ్లమే. నేనొక మాట చెబుతాను. మధు డ్యూటీ ఈ మధ్యాహ్నం నుంచే. గ్రూపులో పొరపాటని రాస్తాను, స్వప్న మేనేజరుతో నేనే మాట్లాడి సాయంత్రంలోగా పనిలో పెట్టిస్తాను. చిన్నస్వామికీ ఆ ఐదుగురికీ ఏ చర్యా ఉండదు. శాంపిళ్లు పాడైపోయాయి అని ఒక్క లైను రాసి మూసేద్దాం. ఆ ఏడో మాట మాత్రం రికార్డులో వద్దు."

అంటే ఏడుగురి బతుకులూ తిరిగొస్తాయి, ఒక్కడు తప్పించుకుంటాడు. రేపు ఇంకో లైనులో, ఇంకో మధు మీద ఇదే ఆట మళ్లీ ఆడటానికి ఆ కుర్చీలోనే ఉంటాడు.

రంజిత గారు రాసిన పేజీలు సర్ది నా ముందుకు తోశారు. "నేను విన్నదంతా రాశాను. కింద సాక్షి సంతకం ప్రమీల గారిది. ఆమె చేస్తే ఇది రికార్డు. చేయకపోతే నేను రాసుకున్న కాగితాలు, అంతే. ఆమె ఇష్టం."

కలం తీసుకున్నాను.  ఈ మనిషిని వదలకూడదనడంలో నాకు ఏ మూలా అనుమానం లేదు. కాగితం మీద కలం పెట్టానో లేదో, మధు బల్ల అవతలి నుంచి వంగి నా మణికట్టు పట్టుకున్నాడు. అతని రెండో చేతిలోని ఫోనులో స్వప్న ఇంకా ఏడుస్తూనే ఉంది.

"సంతకం సెయ్యొద్దక్కా" అన్నాడు. "నీ కాళ్లు మొక్కుతా."